ఇద్దరికి సరిపడా

భీమవరం,
జూన్ 14.

ప్రియమైన మీకు,

క్షేమంగా చేరాను. అక్కయ్యకి తుంటి ఆపరేషన్ బాగానే జరిగిందట. మెలకువ రాగానే నన్ను చూసి, "నువ్వొచ్చావు సరే, అక్కడ మా మరిదికి అన్నం ఎవరు వండుతారే?" అంది. తడి బాత్రూంలో జారిపడి ఎముక విరగ్గొట్టుకున్న మనిషికి మీ అన్నం బెంగ!

రాజశ్రీ పొద్దున్నే బ్యాంకుకి వెళ్తే దీపాలు పెట్టేవేళకి గానీ రాదు. కన్నకూతురైనా ఉద్యోగం మానుకుని మంచం పక్కన కూర్చోలేదు కదా. అక్కయ్య తనంతట తాను అడుగులు వేసేదాకా నేనిక్కడే ఉంటాను. డాక్టరు రెండు నెలలంటున్నాడు.

ఫోన్ చేయకండి. చెవి మిషను పెట్టుకుంటే ఈల వేస్తుంది, తీసేస్తే మీరు ఊరికే నోరు కదుపుతున్నట్టు ఉంటుంది. పోనీ వీడియోలో మాట్లాడదామంటే మీరు ఫోన్‌ని చెవికి ఆనించుకుంటారు, నాకు మీ చెవి తప్ప ఇంకేం కనబడదు. మీరు కాజీపేటలో గూడ్సు గార్డుగా ఉన్నప్పుడు ఉత్తరాలు రాసుకోలేదూ? అలాగే రాసుకుందాం.

ఇక తిండి సంగతి. బియ్యం డబ్బా నిండుగా ఉంది. కందిపొడి, మాగాయ కింది అరలో పెట్టాను. కుక్కర్ మూత పెట్టేముందు రబ్బరు ఉందో లేదో చూసుకోండి. ఒక్కరికే కూర వండుకోవడం విసుగనిపిస్తే వీధి మొగలో కర్రీ పాయింట్ ఉంది, వెళ్ళి తెచ్చుకోండి. తెచ్చుకోరని తెలుసు. ముప్ఫై ఏళ్ళు రైళ్ళలో తిరిగి ఏ స్టేషన్లోనూ టీ కొనుక్కుని తాగని మనిషి మీరు. పెన్షన్ వస్తోంది, మనకేం తక్కువ లేదు. పొదుపు ఇంకెక్కడైనా చూపించండి గానీ కంచం దగ్గర వద్దు.

పైవాటాలో భాగ్యశ్రీకి చెప్పి వచ్చాను, మిమ్మల్ని ఓ కంట కనిపెడుతుంది. మొహమాటపడకండి.

మీ
కమల


నాచారం,
జూన్ 22.

ప్రియమైన కమలా,

నీ ఉత్తరం అందింది. వదిన కోలుకుంటున్నందుకు సంతోషం. మరిది నిక్షేపంగా తింటున్నాడని చెప్పు.

నిక్షేపం అంటే మరీ అంత నిక్షేపం కాదులే. మొదటిరోజు కుక్కర్‌కి రబ్బరు పెట్టాను, నీళ్ళు పోశాను, బియ్యం పోయడం మరిచిపోయాను. ఎన్ని కూతలొచ్చినా లోపల వేడినీళ్ళే. రెండోరోజు అన్నం కుదిరింది. టమాటా పప్పు మాత్రం పప్పు ఓ దిక్కు, నీళ్ళు ఓ దిక్కు అయ్యాయి. భాగ్యశ్రీ వాసన పట్టి కిందికి వచ్చింది. "ఏంది అంకుల్, మాడుతున్నట్టుంది?" అంది. "పోపు" అన్నాను. "గింత నల్లగనా?" అని నవ్వి, గిన్నెలో బెండకాయ పులుసు తెచ్చిపెట్టి పోయింది. చాలా మంచి పిల్ల.

నీ మాట కాదనలేక కర్రీ పాయింట్‌కి కూడా వెళ్ళాను. ప్యాకెట్టు విప్పితే వంకాయ ముక్కలు నూనెలో ఈత కొడుతున్నాయి. మళ్ళీ వెళ్ళలేదు. పొదుపు కోసం కాదు, ఒట్టు.

ఒకటి మాత్రం నిజం. వండటం కంటే ఒక్కడినీ కూర్చుని తినడమే కష్టంగా ఉంది. టీవీలో ఎవరో మాట్లాడుతూ ఉంటారు, నేను నములుతూ ఉంటాను. రాత్రిపూట లేవబుద్ధి కాక పాలల్లో నాలుగు బిస్కెట్లు ముంచుకుని పడుకుంటున్నాను. కోప్పడకు, రేపట్నుంచి సరిగ్గా తింటాను.

వానలు మొదలయ్యాయి. నా నల్లబూట్లు నోరు తెరిచాయి. రేపు ఉప్పల్ వెళ్ళి కుట్టించుకుని వస్తాను.

నీ
రామయ్య


భీమవరం,
జూన్ 30.

ప్రియమైన మీకు,

బిస్కెట్ల సంగతి చదివి రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. రాత్రికి చారూ అన్నమైనా చేసుకోండి. పోపు మాడకముందే చారు పోసేయాలి, అంతే రహస్యం.

అక్కయ్యని నిన్న వాకర్ పట్టించి నిలబెట్టారు. ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయిని తిట్టని తిట్టు లేదు. తిడుతోందంటే కోలుకుంటున్నట్టేనని రాజశ్రీ ధైర్యం.

మొన్న మా తమ్ముడు గిరి బెంగుళూరు నుంచి అక్కయ్యకి ఫోన్ చేశాడు. ఎలా ఉన్నావని అడిగాడట, రావడానికి వీలుపడటం లేదన్నాడట. ఫోన్ నాకిచ్చారు గానీ నాకు వినబడింది "బాగున్నాను చిన్నక్కా" అన్న ఒక్క ముక్కే. పండగలకీ అదే ముక్క, ఇప్పుడూ అదే ముక్క. క్యాటరింగ్ మూసేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాక మన గుమ్మం తొక్కాడా? అమ్మ పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. కథ చెబితే గానీ ముద్ద మింగేవాడు కాదు. ఎన్ని కథలని కల్పించేదాన్ని! అలాంటివాడు పెద్దక్క మంచాన పడితే ఒక్కసారి రైలెక్కలేడా? పవన్ ఉద్యోగం బాగానే ఉంది, కోడలు మంచిది, వాడికి అక్కడ రోజులు హాయిగా గడుస్తున్నాయి. సుఖంలో అక్కలు గుర్తురారు కాబోలు. ఉన్నమాట చెబుతున్నాను, మనసు కష్టపడింది.

మీ బూట్లు కుట్టించారా? ఉత్తరం ఆలస్యం చేయకండి.

మీ
కమల


నాచారం,
జులై 6.

ప్రియమైన కమలా,

ముందు ఒక మాట. గిరిని ఏమీ అనకు. ఎవరి ఇబ్బందులు వాళ్ళకుంటాయి. దూరాన్నుంచి చూసేవాళ్ళకి తెలియదు. వాడికి నువ్వంటే ప్రాణమని నాకు తెలుసు. ఇంకెప్పుడూ అలా రాయకు.

నేను బాగున్నాను. వంటలో కొంచెం చేయి తిరిగింది. నీ నుంచి కొన్ని సంగతులు తెలుసుకోవాలి. ఇద్దరికి సరిపడా పప్పు చేయాలంటే ఎంత పోయాలి? అంటే, ఒక పూటకి చేసింది రెండో పూటకి కూడా వస్తుంది కదా, అందుకని. చక్కెర జబ్బున్నవాళ్ళు రాత్రిపూట ఏం తింటే మంచిది? జొన్నరొట్టె అంటారు గానీ నేను తడితే అది విరిగి భూపటం అవుతోంది. మెంతికూర పప్పులో చేదు తగ్గాలంటే ఏం చేయాలి?

బియ్యం డబ్బా అడుగు కనబడింది. వర్షాకాలం కదా, ఆకలి ఎక్కువగా ఉంది. కొత్తమూట తెప్పించాను. కూరగాయలకి సాయంత్రం పూట ఉప్పల్ మార్కెట్‌కి వెళ్తున్నాను, అమ్మేవాళ్ళు ఇంటికి వెళ్ళే తొందరలో ఉంటారు, రెండు కట్టలు అడిగితే మూడిస్తారు. పళ్ళు కూడా కొంటున్నాను. జామకాయలు. నువ్వు నమ్మవు, నిన్న ఆటో స్టాండ్ దగ్గర టీ కూడా కొన్నాను. ఒకటి కాదు, రెండు.

వానకి మన వీధంతా బురద. భాగ్యశ్రీ వాళ్ళు బోనాలకి ఇల్లు కడుగుతున్నారు. నువ్వు తొందరపడి రాకు, వదిన పూర్తిగా నడిచేదాకా ఉండు.

నీ
రామయ్య


భీమవరం,
జులై 13.

ఏమండీ,

ప్రియమైన అని మొదలుపెట్టలేదని గమనించారా? కావాలనే పెట్టలేదు.

భాగ్యశ్రీ రాజశ్రీ ఫోన్‌కి చేసింది. రాజశ్రీ స్పీకర్లో పెట్టి, నాకు వినబడనివి మళ్ళీ గట్టిగా చెప్పింది. ఆ పిల్ల అన్నమాటే రాస్తున్నాను. "పిన్నీ, అంకుల్ మీద చాడీలు జెప్తున్ననని అనుకోకుండ్రి. పన్నెండు గొట్టంగనే గొడుగు పట్టుకోని పోతున్నరు. మా ఆయన ఉప్పల్ల జూసిండు. ఐదు రూపాయల బువ్వ కాడ లైన్ల నిలవడ్డరంట. నాకు మస్తు బాధైంది. నేను ఒండి పెడ్త అన్నా వినరు."

పెన్షన్ వచ్చే మనిషి, ఇంట్లో బియ్యం ఉన్న మనిషి, గతిలేనివాళ్ళ కోసం పెట్టిన చోట ప్లేటు పట్టుకుని నిలబడటమా? అక్కడ మీరు తినే ముద్ద ఇంకొకరిది కాదా? ఇన్నాళ్ళూ మీ పొదుపుని నవ్వుతూ భరించాను. ఇది పొదుపు కాదు, దీన్నేమనాలో నాకు మాట దొరకడం లేదు.

అయిపోలేదు. సాయంత్రం మళ్ళీ క్యారేజీ కట్టుకుని రామంతాపూర్ షేర్ ఆటో ఎక్కుతున్నారట! ఎవరికండీ క్యారేజీ? మీకు చక్కెర జబ్బు లేదు. జొన్నరొట్టెలు ఎవరికి? జామకాయలు ఎవరికి? టీ రెండు కొన్నారు, రెండోది ఎవరు తాగారు? డెబ్భై రెండేళ్ళొచ్చాయి కాబట్టి అడుగుతున్నాను, లేకపోతే ఇంకోలా అడిగేదాన్ని. అక్కయ్య అయితే ఆపరేషన్ అయిన తుంటి పట్టుకుని మరీ నవ్వింది. "మరిదికి ఇప్పుడు వయసొచ్చిందే" అంటోంది. నాకు మాత్రం నవ్వు రావడం లేదు.

దాచకుండా రాయండి.

కమల


నాచారం,
జులై 18.

ప్రియమైన కమలా,

నువ్వు పెట్టకపోయినా నేను పెడుతున్నాను.

భాగ్యశ్రీ చెప్పింది నిజమే. రోజూ మధ్యాహ్నం ఉప్పల్ వెళ్తున్నాను, ఆ లైన్లోనే నిలబడుతున్నాను, అక్కడే తింటున్నాను. నువ్వు ఏమన్నా పడతాను. పిసినారి అనుకో. ఆ మాట నాకు కొత్త కాదు, రైల్వేలో అందరూ వెనకాల అన్నదే.

అక్కడ ఎలా ఉంటుందో మాత్రం చెబుతాను. మెట్రో వంతెన నీడలో చిన్న డబ్బా లాంటి గది. అన్నం, సాంబారు, ఓ కూర, పచ్చడి. వడ్డించే అమ్మాయి గౌతమి. అడ్డా కూలీలు, ఆటోవాళ్ళు, ఊరి నుంచి దవాఖానాకి వచ్చినవాళ్ళు తింటారు. మన వయసు వాళ్ళు చాలామంది వస్తారు కమలా, నేను అనుకోలేదు. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వస్తారు. ఎవరైనా తెలిసినవాళ్ళు కనిపిస్తే బస్సు కోసం ఆగినట్టు పక్కకి తిరుగుతారు. స్వర్ణలత గారని ఒకావిడ ఉంది, ప్రైవేటు బళ్ళో టీచరుగా చేసి మానేసిందట. పెన్షన్ లేదు. మందులు కొన్నాక మిగిలిందే తిండికి. సగం ఇక్కడ తిని, సగం డబ్బాలో పెట్టుకుంటుంది. అడిగితే "రాత్రికి పొయ్యి ముట్టించే ఓపిక లేదండీ" అంటుంది. గౌతమి చూసీ చూడనట్టు ఇంకో గరిటె వేస్తుంది. నేను వెళ్ళిన మొదట్లో నన్నూ కసిరింది. "ఏంది సార్, గింతేనా? పిట్టకు బెట్టినట్టు. ప్లేటు ఇటు పట్టుండ్రి, ఇంకింత ఏస్త." అక్కడ ఎవరూ ఎవరినీ ఎందుకొచ్చావని అడగరు.

నా ముద్ద ఇంకొకరిది కాదా అన్నావు. ఆ మాట నన్నూ పొడుస్తూనే ఉంది. అందుకే వారం వారం ఓ మూట ఉల్లిపాయలో, గెల అరటిపళ్ళో అక్కడ ఇచ్చి వస్తున్నాను. అది చాలదని తెలుసు.

క్యారేజీ సంగతి అడగకు. చెప్పలేను. చెప్పకూడనిదేమీ కాదు, కానీ చెప్పలేను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నీ దగ్గర దాచింది ఏదైనా ఉంటే ఇదొక్కటే. నన్ను నమ్ము అని అడిగే హక్కు ఉందనుకుంటాను.

నీ
రామయ్య


భీమవరం,
జులై 25.

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం చదివాను. మరో రెండుసార్లు చదివాను. ఎవరికని ఇంక అడగను.

మెంతికూరని ఉప్పు రాసి కాసేపు ఉంచి పిండేయండి, చేదు తగ్గుతుంది. జొన్నపిండిని మరుగుతున్న నీళ్ళతో కలపాలి, చన్నీళ్ళతో కలిపితే విరుగుతుంది. అయినా మీవల్ల కాదు గానీ, జొన్నరవ్వ దొరుకుతుంది, ఉప్మాలా చేయండి. ఇద్దరికి ఓ గ్లాసు చాలు. దాన్లో క్యారెట్టు, బీన్సు దండిగా వేయండి. కాకరకాయ పులుసు కన్నా వేపుడే ఇష్టంగా తింటారు ఎవరైనా. వెల్లుల్లి కారం వేయండి, నూనె తక్కువ వేయండి.

చక్కెర మందులు వేసుకునేవాళ్ళు పొద్దున్న పూట ఖాళీ కడుపుతో ఉండకూడదు. రాత్రి క్యారేజీ ఒక్కటే పంపితే సరిపోదు. పొద్దున్నకి కూడా ఏదో ఒకటి దాన్లో పెట్టండి, రెండు ఇడ్లీలైనా. నాలుగు గిన్నెల పెద్ద క్యారేజీ అటక మీద ఎడమవైపు ఉంది. జాగ్రత్తగా ఎక్కండి, భాగ్యశ్రీ వాళ్ళాయన్ని పిలవండి.

అక్కయ్య వరండా దాకా నడిచింది. ఇక్కడ అందరం కులాసా.

మీ
కమల


నాచారం,
ఆగస్టు 2.

ప్రియమైన కమలా,

నీ ఉత్తరం అందినరోజే పెద్ద క్యారేజీ దింపాను. కానీ ఒక్కరోజు ఆలస్యమైంది. ఇప్పుడు రాసేది కూర్చుని చదువు. పక్కన వదిన ఉంటే ఆవిడ చేయి పట్టుకుని చదువు. భయపడాల్సిందేమీ లేదు, గండం గడిచింది.

గిరి బెంగుళూరులో లేడు. వచ్చేసి ఏడాది దాటింది. రామంతాపూర్‌లో చెరువు వెనక సందులో, మేడ మీద ఓ రేకుల గదిలో ఉంటున్నాడు.

బూట్లు కుట్టించుకోవడానికి ఉప్పల్ వెళ్ళానని రాశాను కదా, ఆ రోజే చూశాను. వాన పడుతుంటే వంతెన కింద నిలబడ్డాను. ఎదురుగా అన్నం లైను. మొదట వాణ్ణి వెనకనుంచి చూసి ఆ భుజాలు ఎక్కడో చూసినట్టుంది అనుకున్నాను. తిరిగాడు. చేతిలో ప్లేటు. నన్ను చూడగానే ప్లేటు పక్కన పెట్టేసి వానలోకి నడిచాడు. పేరు పెట్టి పిలిస్తే పరుగెత్తేలా ఉన్నాడు. ఏం చేయాలో తోచలేదు. గబగబా వెళ్ళి దారికి అడ్డంగా నిలబడి, "మీ చిన్నక్క భీమవరం వెళ్ళిందిరా, నాకు వండిపెట్టే దిక్కు లేదు. ఇక్కడ అన్నం బాగుంటుందంటే వచ్చాను. లైన్ ఎక్కడ నుంచి?" అన్నాను. నా మొహంలోకి చూసి, వెనక్కి వెళ్ళి ప్లేటు అందుకున్నాడు. తర్వాత, "నా వెనకే నిలబడు బావా" అన్నాడు. అలా నిలబడ్డాను. మర్నాడూ నిలబడ్డాను. నేను రాకపోతే వాడు రావడం మానేస్తాడని భయం.

జరిగింది ఇదీ. కరోనా తర్వాత క్యాటరింగ్ మళ్ళీ లేవలేదు. వంటపాత్రలన్నీ అమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ పవన్ కంపెనీలో సగం మందిని తీసేశారు, పవన్‌ని ఉంచారు గానీ జీతం తగ్గించారు. ఒక్క పడగ్గది ఇల్లు, కోడలికి నెలలు నిండుతున్నాయి. గిరి హాల్లో పడుకుని ఉండగా, వాళ్ళు లెక్కలు వేసుకుంటుంటే వినబడేదట. "హైదరాబాద్‌లో చిన్నక్క రమ్మంటోందిరా, అక్కడుంటాను" అని కొడుకుతో చెప్పి వచ్చేశాడు. మనకేమో కొడుకు దగ్గరున్నానని చెప్పాడు. వాడు మన దగ్గరున్నాడని కొడుకు, కొడుకు దగ్గరున్నాడని మనం. ఎవరూ వెతకలేదు.

పెళ్ళిళ్ళ రోజుల్లో ఎవరో క్యాటరింగ్‌వాళ్ళు వడ్డనలు చూసుకోవడానికి పిలిస్తే వెళ్తాడు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు, పనీ లేదు. రేషన్ కార్డు ఎప్పుడో పోయింది. గదిలో పొయ్యి పెట్టుకోనివ్వరు. వందలమందికి పెట్టిన మనిషి మధ్యాహ్నం తినే ఆ ఒక్కపూటతో నెట్టుకొస్తున్నాడు.

మన ఇంటికి రమ్మన్నాను. "చిన్నక్కకి చెబితే రేపట్నుంచి ఇక్కడ కనపడను బావా. ఎక్కడికి పోతానో నాకే తెలీదు" అన్నాడు. ఉత్తమాటగా అనలేదు. అందుకని మాటిచ్చాను. సాయంత్రం క్యారేజీ తీసుకెళ్ళి, "ఎక్కువ వండేశాను, పారేయలేను, నా సంగతి నీకు తెలుసుగా" అనేవాణ్ణి. నా పిసినారితనం మీద అందరికీ ఉన్న నమ్మకం అలా పనికొచ్చింది. నవ్వుతూ తినేవాడు. ఉప్పు ఎక్కువైందనేవాడు. ఎప్పుడూ ఎక్కువే.

మొన్న లైన్లో నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. ఒళ్ళంతా చెమటలు. గౌతమి గరిటె పడేసి వచ్చింది. "పెద్దాయనకు చక్కెర పడిపోయినట్టుంది! పొద్దుగాల ఏమన్న తిన్నడా సార్? జర పక్కకు జరగుండ్రి, గాలి రానియుండ్రి!" అంటూ నోట్లో చక్కెర నీళ్ళు పోసింది. స్వర్ణలత గారు తల ఒళ్ళో పెట్టుకుంది. ఆటోలో దవాఖానాకి తీసుకెళ్ళాం. డాక్టరు నా మీద అరిచాడు. "ఖాళీ కడుపుతో మాత్రలు వేసుకుంటుంటే మీరేం చేస్తున్నారండీ?" అన్నాడు. నువ్వు రాసిన మాటే అది, ఆ సాయంత్రం ఇంటికొస్తే గుమ్మంలో నీ ఉత్తరం ఉంది.

ఇప్పుడు మన ముందుగదిలో పడుకున్నాడు. ఆటోలో తెచ్చి దింపితే కాదనే ఓపిక లేకపోయింది. నిన్నటినుంచి లేచి తిరుగుతున్నాడు. నీ వంటిల్లు చూసి, "అక్క పోపులపెట్టె ఇంకా ఇక్కడే పెడుతోందా" అన్నాడు. ఓ అరగంట తర్వాత చూస్తే చారు కాస్తున్నాడు. కమలా, అది చారంటే! కానీ వచ్చే ఆదివారం గదికి వెళ్ళిపోతానంటున్నాడు. "శ్రావణం వచ్చింది బావా, పెళ్ళిళ్ళు మొదలయ్యాయి, నాకు పని దొరుకుతుంది. అక్క వచ్చేలోపు నన్ను పంపెయ్" అంటున్నాడు.

వాడికిచ్చిన మాట ఈ ఉత్తరంతో తప్పాను. ఇంకో రోజు దాచి ఉంటే నువ్వు నన్ను క్షమించినా నేను క్షమించుకోలేను. ఏం చేయమంటావో రాయి. తొందరగా రాయి.

నీ
రామయ్య


భీమవరం,
ఆగస్టు 5.

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం ఇవాళ పొద్దున్నే అందింది. ఇది కొరియర్‌లో పంపుతున్నాను, గురువారానికల్లా మీ చేతిలో ఉంటుందన్నారు.

వాడు కూలిపోయాడన్న చోట నా కళ్ళు మసకబారాయి. మిగతాది రాజశ్రీ చదివిపెట్టింది. మిగతాది అంటున్నాను గానీ, అందులో చాలా భాగం నాకు ముందే తెలుసు.

"అడగకు, నన్ను నమ్ము" అని రాశారు చూడండి, ఆ ఉత్తరం మూడోసారి చదివేసరికి నాకు అర్థమైపోయింది. మనవాళ్ళలో వాడికే ఉన్న చక్కెర జబ్బు, జొన్నరొట్టె, గిరిని ఏమీ అనకు అని అంత గట్టిగా చెప్పడం. మీరు ఎవరి తరఫునా అంత గట్టిగా మాట్లాడరు. రాజశ్రీ చేత పవన్‌కి ఫోన్ చేయించాను. "నాన్న మీ దగ్గరే ఉన్నారు కదా అత్తా? ఆయనకివ్వండి, మాట్లాడతాను" అన్నాడు వాడు. మా దగ్గర లేడని చెప్పి, మేం కబురు పెట్టేదాకా తండ్రిని ఏమీ అడగవద్దన్నాం. వాడి గొంతు ఎలా ఉందో నాకు వినబడలేదు, రాజశ్రీ మొహం చూస్తే తెలిసింది. ఆ పిల్లవాడిని ఏమీ అనకండి. తండ్రి ఖర్చులకని పంపిస్తానంటే "అక్క దగ్గర నాకేం లోటురా" అని గిరే వద్దన్నాడట. పాపకి అప్పుడే ఏడాది నిండిందట, మనకా కబురే అందలేదు. ముద్దుగా ఉందట.

తెలిసీ మీకు ఎందుకు రాయలేదంటారా? మీరు నా దగ్గర దాస్తున్నారంటే వాడు మీచేత ఒట్టు వేయించుకుని ఉంటాడు. నేను తెలిసినట్టు రాస్తే మీ మొహంలో వాడు పట్టేస్తాడు. మీకు మొహం దాచుకోవడం రాదు, అందుకే పేకాటలో ఎప్పుడూ ఓడిపోతారు. వాడు గదికి తాళం వేసి ఎటో వెళ్ళిపోతే అంత ఊళ్ళో ఎక్కడని వెతుకుతాం? అందుకని నోరు మూసుకుని మెంతికూర గురించి రాశాను. మీరు వండుతున్నారు, వాడు తింటున్నాడు, అది చెడకూడదు అనుకున్నాను. పెద్ద క్యారేజీ సంగతి ముందే రాయాల్సింది. మీరు ఒక్కరోజు ఆలస్యమని రాశారు, నాకూ అదే దిగులు.

నా చెవి కూడా వాడికి కలిసొచ్చింది చూడండి. నాకు సరిగ్గా వినబడి ఉంటే ఆ "బాగున్నాను"లో ఏముందో మొదటిసారే పట్టుకునేదాన్ని.

మిమ్మల్ని ఆ లైన్లో నిలబడ్డారని నానా మాటలూ అన్నాను. అక్కయ్యకి ఇవాళ మీ ఉత్తరం వినిపిస్తే, "నా వెనకే నిలబడు బావా" అన్న చోట ఆపించి మళ్ళీ చదివించుకుంది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. నవ్వే మనిషి ఏడిస్తే చూడలేం.

సాయంత్రం లేచి కూర్చుని ఆవిడే తేల్చింది. నేను చెప్పినా వాడు వినడట, తను చెబితే వింటాడట. వాణ్ణి ఉండమని బతిమాలితే ఉండడు, దానం అనుకుంటాడు. అందుకని అక్కయ్య తన భారం వాడి మీద పడేయబోతోంది. రాజశ్రీని ఆడిటింగ్ అంటూ రెండు నెలలు విశాఖపట్నం వేస్తున్నారు. ఆ రెండు నెలలూ అక్కయ్య మన ఇంట్లోనే. డాక్టరు ప్రయాణానికి సరేనన్నాడు. తనకి పూట పూటకీ వేడివేడిగా కావాలట, నా వంట చప్పగా ఉంటోందట, నా మణికట్లు గిన్నెలు ఎత్తలేకపోతున్నాయట. ఇందులో మూడోది నిజం, మొదటి రెండూ ఎంత నిజమో మీకు తెలుసు. "వాడుంటే గానీ నేను రానే" అంది. రెండు నెలల తర్వాత సంగతి అప్పుడు చూద్దాం. పెళ్ళి పనులకి పిలుపొస్తే వెళ్ళిరానివ్వండి, అది వాడి విద్య. రాత్రికి మాత్రం మన ఇంటికే రావాలి.

స్వర్ణలత గారిని కూడా ఓరోజు భోజనానికి పిలవండి. వాడి తల ఒళ్ళో పెట్టుకున్న మనిషిని నేను చూడాలి.

శనివారం పొద్దున్న చర్లపల్లి స్టేషన్లో దిగుతాం. థర్డ్ ఏసీ, కింద బెర్తులే. వీల్‌చైర్ చెప్పించాం గానీ రైల్లోంచి దిగేటప్పుడు పట్టుకునేవాళ్ళు కావాలి. అక్కయ్య తక్కువ బరువేం కాదు, మీ ఒక్కరివల్లా కాదు. గిరిని తీసుకురండి. చిన్నక్కకి అంతా తెలిసిపోయిందని ఇంట్లోనే చెప్పండి, స్టేషన్లో కాదు. కాసేపు తల వంచుకుంటాడు, వంచుకోనివ్వండి. తర్వాత చొక్కా మార్చుకోమని చెప్పండి. పారిపోతే వాకర్ వేసుకుని రామంతాపూర్ సందులన్నీ తిరుగుతుందట పెద్దక్క. ఆ ముక్క వాడికి తప్పకుండా చెప్పండి.

రైలు ఆగే వేళకి మా పెట్టె ముందు ఇద్దరూ కనబడాలి.

ప్రేమతో,
మీ
కమల